పద్యానికి మూతిగుడ్డ

చిత్తూరులో ఉత్త చొక్కాతో బస్సెక్కిన మనిషి, మొగిలి ఘాటు దాటి పలమనేరులో దిగేసరికి మఫ్లరు కోసం సంచీ వెతుక్కుంటాడు. డెబ్బయ్యెనిమిదో సంవత్సరం మొదట్లో ఆ చలికి ఫ్లూ జ్వరం కూడా తోడైంది. హైస్కూల్లో పదో తరగతి బెంచీలు సగం ఖాళీ. వచ్చిన సగం మందీ పాఠానికని కాకుండా, వంతులేసుకుని దగ్గిపోదామని వచ్చినట్టు ఉండేవాళ్లు.

సైన్సు టీచరు పంకజాక్షి హెడ్మాస్టరు చెంగల్రాయుడి దగ్గరికి వెళ్లింది.

"సార్, ఒకరు దగ్గితే బెంచీ మొత్తం పడిపోతా ఉండాది. క్లాసులో కూర్చున్నంతసేపు పిల్లోళ్లందురూ ముక్కూ నోరూ మూసేట్టు శుభ్రమైన గుడ్డ కట్టుకోవాల. సాయంత్రం ఇంటికి పోయి ఉడుకునీళ్లలో ఉతుక్కోవాల."

చెంగల్రాయుడు మంచివాడు. ఎవరు చెప్పినా నిజమే అనిపించేంత మంచివాడు. "నిజమేనమ్మా" అన్నాడు. మరుసటి రోజే ఆర్డరు వేశాడు.

అలా బడికి మూతిగుడ్డలు వచ్చాయి. కొందరు రుమాళ్లు కట్టుకున్నారు, కొందరు నాయన తువ్వాలు చింపి కట్టుకున్నారు. ఒకడు ఎర్రపూల లంగా ముక్క కట్టుకొచ్చాడు; ఆ సాయంత్రం వాళ్లక్క వాడి వీపు విమానం మోత మోగించిందట. గుడ్డ కట్టుకోవడంలో సుఖాలు పిల్లలకు ఒక్కపూటలోనే తెలిసిపోయాయి. లోపల చెనక్కాయలు నమలొచ్చు. లెక్కల సారును వెక్కిరించొచ్చు. ఆవులించినా ఎవరూ కనిపెట్టలేరు. అంతవరకూ పంకజాక్షి టీచరంటే భయపడే పిల్లలు ఆమెకు దండం పెట్టడం మొదలెట్టారు.

ఒప్పుకోనిది ఒక్క తెలుగు పండితుడు శఠగోపం.

శఠగోపం సొంతూరు తిరుపతి. తెల్లటి పంచె, నుదుట తీర్చిన నామం, భుజాన ఉత్తరీయం. ఇరవై ఏళ్లుగా ఆయన పలమనేరు పిల్లల నాలుకలు తిప్పుతూనే ఉన్నాడు. "సూడండి సార్" అని ఎవరైనా అంటే పాఠం అక్కడే ఆగిపోయేది. "సూడు కాదు నాయనా, చూడు. చ. నాలుక ఎక్కడ పెడుతున్నావో నన్ను చూసి నేర్చుకో" అని నోరు తెరిచి చూపించేవాడు. అలాంటి మనిషికి ఇప్పుడు ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా గుడ్డలే. పద్యం చెప్పమంటే ఎక్కడినుంచో దుప్పటి కింద పిల్లి అరిచినట్టు చప్పుడు వచ్చేది. "ఎవరది?" అంటే నలభై జతల కళ్లు అమాయకంగా ఆయన్నే చూసేవి.

మూడో రోజు ఆయన స్టాఫ్ రూములో లేచి నిలబడ్డాడు.

"కళ్లంలో గింజ తినకుండా ఎద్దు మూతికి చిక్కం కడతారు. మనం పిల్లలకు కట్టినాము. నోరు కట్టేసి భాష చెప్పమంటే నేను యాడ చెప్పేది?"

పంకజాక్షి చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టింది. "మీ నాయన కోవెల్లో ప్రసాదం వండేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకునేవాడని మీరే చెప్పినారు గదా స్వామీ?"

"అది పెరుమాళ్లకు పెట్టే అన్నమమ్మా. ఊపిరి తగలకూడదు."

"ఇది పిల్లోళ్ల ప్రాణం స్వామీ. దీనికీ తగలకూడదు."

చెంగల్రాయుడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇద్దరూ చెప్పింది నిజమే అనిపించి ఆయనకు తల నొప్పి పట్టింది. చివరికి, "శనివారం మధ్యాహ్నం పిల్లోళ్ల చేతనే వాదన పెట్టిద్దాం. పాఠం జరిగేటప్పుడు మూతిగుడ్డ ఉండాల్నా, వద్దా? వాళ్లే తేల్చనీ" అని తప్పించుకున్నాడు.

గుడ్డ ఉండాలనే పక్షానికి మునికృష్ణ అనే పిల్లవాణ్ణి పంకజాక్షి తయారు చేసింది. వద్దనే పక్షానికి శఠగోపం జ్ఞానాంబను ఎంచుకున్నాడు. జ్ఞానాంబ వాళ్లు ఊరి బయట ఆవుల్ని మేపుకునే కుటుంబం. పొలం అవతల గట్టునున్న ఆవును పేరుపెట్టి పిలిచి అలవాటైన గొంతు ఆమెది. శఠగోపం ఆ గొంతుకు శషసలు నేర్పి ఎంతో మురిసిపోయేవాడు.

గురువారం సాయంత్రం ఆయన ఇంట్లో వరండాలో కూర్చుని జ్ఞానాంబ చెప్పాల్సిన మాటలు మనసులో కూర్చుకుంటున్నాడు. భార్య అమృతవల్లి చెనక్కాయ ఉండలు తెచ్చి పెట్టింది. ఆ రోజు పాకం ముదిరింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. "చిన్నగా కొరకండి" అని చెప్పింది కూడా. వాదన వేడిలో ఉన్న మనిషి చిన్నగా ఎక్కడ కొరుకుతాడు? కటుక్కుమంది. ఉండ పగల్లేదు. పై వరసలో ముందరి పళ్లు రెండూ ఉండకు అతుక్కుని బయటికొచ్చాయి.

శఠగోపం చాలాసేపు ఆ ఉండను చూశాడు. తర్వాత మెల్లగా, "శారద" అనబోయాడు. గాలి వచ్చింది. "చందనం" అన్నాడు. అది సందనమై బయటపడింది.

అమృతవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"నవ్వుతా ఉండావా?"

"లేదండి, జలుబు" అంది ఆమె.

ఆ మాటతో శఠగోపానికి దారి దొరికింది.

శుక్రవారం ఉదయం తెలుగు పండితుడు ఉత్తరీయంతో ముక్కూ నోరూ బిగించి కట్టుకుని బడిలో అడుగు పెట్టాడు. చూసిన వాచ్‌మన్ గంట కొట్టడం మరిచిపోయాడు. పంకజాక్షి సంతోషం పట్టలేక ఎదురొచ్చింది. "ఇంత తొందరగా మనసు మారుతుందనుకోలేదు స్వామీ!" శఠగోపం తల ఊపి, గబగబా తరగతిలోకి వెళ్లిపోయాడు. ఆ రోజు పద్యం చదవలేదు. వ్యాకరణం బోర్డు మీద రాసి, రాసుకోమని సైగ చేశాడు. ఒక పిల్లవాడి గుడ్డ జారితే తానే వెళ్లి బిగించి కట్టాడు.

మధ్యాహ్నం అన్నం గంటప్పుడు జ్ఞానాంబ వాదన నేర్చుకోవడానికి వచ్చింది. తరగతిలో వాళ్లిద్దరే ఉన్నారు.

"సార్, మనం గుడ్డ వద్దనాల గదా? మీరే కట్టుకోనుండారే?"

"జలుబు" అన్నాడు. ఆ మాటలో ప్రమాదమేమీ లేదు. కానీ వాదన అంతా జలుబుతో సాగదు కదా. "మొదట సభకు నమస్కారం చెప్పు. తర్వాత శబ్దం శరీరం లాంటిది, ఉచ్చారణ ప్రాణం లాంటిది అని చెప్పు" అన్నాడు. గుడ్డ చాటున శబ్దం సబ్దమైంది, శరీరం సరీరమైంది, ఉచ్చారణ ఏమైందో చెప్పడానికి లేదు.

జ్ఞానాంబ పెన్సిలు ఆపి తలెత్తింది. కాసేపు ఆయన కళ్లలోకి చూసింది.

"మా యవ్వకు కూడా ఇట్లాంటి జలుబే చేసింది సార్. ముందర పండ్లు రాలిపోయినప్పుడు."

శఠగోపం కిటికీ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి, "చిత్తూరులో పళ్ల డాక్టరుకు కబురు పంపినాను. కట్టుడు పళ్లు వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దమ్మా" అన్నాడు.

"నేనెందుకు చెప్తాను సార్?" అంది జ్ఞానాంబ.

శనివారం బడి మొత్తం హాల్లో కిక్కిరిసింది. ముందు మునికృష్ణ మాట్లాడాడు. జ్వరం ఎలా అంటుకుంటుందో, గుడ్డ దాన్ని ఎలా ఆపుతుందో చక్కగా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు దగ్గి, ఆ దగ్గును కూడా తన వాదనకే వాడుకున్నాడు. తర్వాత జ్ఞానాంబ లేచింది. ముఖం కనపడకపోతే పిల్లవాడికి పాఠం అర్థమైందో లేదో టీచరుకు ఎలా తెలుస్తుందని అడిగింది. నోటి కదలిక చూడకుండా మాట ఎవరు నేర్చుకున్నారంది. అమ్మ మూతికి గుడ్డ కట్టుకుని ఉంటే చంటిబిడ్డ ముందుగా ఏం మాట నేర్చుకునేదంది. హాలు చప్పట్లు కొట్టింది.

అప్పుడు మునికృష్ణ లేచాడు.

"అంత బాగా చెప్తా ఉండావే, నీకు నేర్పించిన సారు గుడ్డ కట్టుకోని ఆడ కూర్చోనుండాడు గదా. ఆయనకే నమ్మకం లేని మాట మేమెందుకు నమ్మాల?"

హాలంతా గొల్లున నవ్వింది. అందరి తలలూ శఠగోపం వైపు తిరిగాయి. జ్ఞానాంబ నోరు తెరిచింది. నిజం చెబితే ఆ ప్రశ్న అక్కడికక్కడే నీరుగారిపోతుంది. ఆమె శఠగోపాన్ని ఒకసారి చూసింది. మళ్లీ నోరు మూసుకుంది.

"దానికి కారణం ఉండాది. అది నేను చెప్పేది కాదు" అని కూర్చుండిపోయింది.

"ఓడిపోయింది! జ్ఞానాంబ ఓడిపోయింది!" పిల్లలు బల్లలు గుద్దారు. ఆ పిల్ల తల దించుకుని జడ కొన వేలికి చుట్టుకుంటూ ఉంది. అంత గొంతున్న పిల్ల అలా మౌనంగా కూర్చోవడం శఠగోపం ఎప్పుడూ చూడలేదు. లేచి వేదిక ఎక్కాడు. పిల్లలకు దూరంగా, గోడ వారగా నిలబడి, ఉత్తరీయం ముడి విప్పాడు.

"సూడండి" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆయన నోటిలోని కిటికీ కనిపించింది. నవ్వు మొదట వెనక బెంచీల్లో పుట్టి, హాలంతా పాకి, హెడ్మాస్టరు దాకా వచ్చింది. చెంగల్రాయుడు కళ్లద్దాలు తుడుచుకునే నెపంతో ముఖం దాచుకున్నాడు. శఠగోపం నవ్వు తగ్గేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. చివరికి ఆయనకూ నవ్వొచ్చింది. నవ్వితే ఇంకా గాలి వచ్చింది.

"ఈ పిల్ల ఓడిపోలేదు" అన్నాడు, ప్రతి మాటా జాగ్రత్తగా పలుకుతూ. "నా గుట్టు దాచేదానికి నోరు మూసుకునింది. నేను నా పోయిన పళ్లు దాచుకునేదానికి గుడ్డ కట్టుకున్నాను, జ్వరానికి భయపడి కాదు. పంకజాక్షమ్మా, ఆ మెచ్చుకోలు మీకే వాపసు."

"నాకెందుకు స్వామీ, ఉంచుకోండి" అంది పంకజాక్షి, కళ్లు తుడుచుకుంటూ. "పళ్లు దాచేదానికి కట్టుకున్నా మీ దగ్గు మాకు తగల్లేదు గదా."

చెంగల్రాయుడు జ్ఞానాంబను లేపాడు. "ఇంకేమన్నా చెప్పేది ఉండాదామ్మా?"

"ఉండాది సార్. క్లాసులో కూర్చున్నప్పుడు అందరం గుడ్డ కట్టుకుంటాం. పద్యం చెప్పాల్సినోళ్లు మాత్రం వరండాలోకి పోయి, కిటికీ బయట దూరంగా నిలబడి, గుడ్డ తీసి చెప్తారు. సారుకు నోరు కనపడుతుంది. జ్వరం బయటి గాలికి పోతుంది."

పంకజాక్షి ఆలోచించి తల ఊపింది. శఠగోపం ఊపాడు. చివరగా మాట్లాడింది జ్ఞానాంబ కాబట్టి చెంగల్రాయుడికి ఆమె చెప్పిందే నిజమనిపించింది.

సోమవారం నుంచి అదే పద్ధతి. మొదటి రోజు పద్యానికి లేచింది జ్ఞానాంబ ఒక్కతే. రెండో రోజు మునికృష్ణ చెయ్యెత్తాడు. వారం తిరిగేసరికి తరగతిలో చేతులు తప్ప ఏమీ కనపడని పరిస్థితి వచ్చింది. ఒక్క పద్యంతో ఎవరూ లోపలికి రావడం లేదు. ఇంకొకటి వచ్చు సార్, ఇంకొకటి చెప్తా సార్ అని బతిమాలేవాళ్లు. శఠగోపానికి కళ్లు చెమ్మగిల్లాయి. కొత్త కట్టుడు పళ్లు సర్దుకుంటూ ఇంట్లో అమృతవల్లితో, "ఇరవై ఏళ్లకు ఈ ఊళ్లో పద్యం పండింది" అన్నాడు.

అమృతవల్లి ఒకరోజు ఆయనకు అన్నం క్యారియరు ఇవ్వడానికి బడికి వచ్చి, వరండాలో కాసేపు నిలబడి చూసింది. సాయంత్రం మెల్లగా చెప్పింది.

"ఆ కిటికీ బయట నిండా ఎండ పడతా ఉండాదండి. లోపల మంచుగడ్డ మాదిరుండాది. నేనైనా నాలుగు పద్యాలు చెప్తాను."

శఠగోపం ఆ రాత్రి అన్నంలో మజ్జిగకు బదులు నీళ్లు పోసుకున్నాడు.

శివరాత్రికి జ్వరాలు తగ్గాయి, పలమనేరు చలి మాత్రం ఇంకా పోలేదు. గుడ్డలు పోయాయి. పద్యం లోపలే చెప్పొచ్చని హెడ్మాస్టరు ప్రకటించాడు. ఆ రోజు తెలుగు పీరియడ్లో ఒక్క చెయ్యీ లేవలేదు. నలభై మంది కాళ్లు ముడుచుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. శఠగోపం వాళ్లను చూశాడు. పుస్తకం మూసి చంకన పెట్టుకున్నాడు.

"లేవండి నాయనా. అందరూ బయటికి పదండి. ఎండలో గోడ వారగా కూర్చోండి."

పిల్లలు బెంచీలు దూకి ఆయనకంటే ముందే బయట ఉన్నారు.