పెద్దబూర కొత్త మౌత్‌పీసు

బస్సు డిపో బ్యాండులో మొదటి బూర వాయించే మనిషిని అందరూ పెద్దబూర అంటారు. అసలు పేరు హాజరు పిలిచే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పగలంతా ఆయన ఉండేది టైర్ల షెడ్డులో. చక్రాలు విప్పడం, పంచర్లు వేయడం, గాలి కొట్టడం. సాయంత్రం చేతులు కడుక్కుని బ్యాండు గదికి వచ్చి అదే గాలిని బూరలోకి కొడతాడు. మధ్యలో మిగిలింది మాటల్లోకి పోతుంది. మనిషన్నాక దేన్నీ వృథా చేయకూడదు.

అలాంటి మనిషికి స్టోర్సు సూపర్‌వైజరుగారి వీడ్కోలు సభలో ఘోరం జరిగింది. బ్యాండు ఎప్పుడూ వాయించే కవాతు పాట చివర ఒక పై స్వరం ఉంది. మిగతా వాద్యాలన్నీ ఆగిపోయాక కూడా మొదటి బూర ఒక్కటే దాన్ని పట్టుకుని నిలబెట్టాలి. ఇన్నేళ్లూ నిలబెట్టాడు. ఆ రోజు మాత్రం అది పైకి వెళ్లి, అక్కడ దేన్నో చూసి జడుసుకున్నట్టు రెండుగా చీలి కింద పడింది. అప్పుడే కూత నేర్చుకుంటున్న కోడిపుంజు సైతం అంతకంటే మర్యాదగా కూస్తుంది.

జనం మంచివాళ్లు. ఎవరూ వినలేదన్నారు. డ్రమ్ము వాయించే డ్రైవరు తన డ్రమ్ము మోతలో ఏమీ తెలియలేదని ప్రమాణం చేశాడు. ఆ సమయానికి డ్రమ్ము ఆగిపోయి ఉందన్న సంగతి ఇద్దరికీ తెలుసు. సూపర్‌వైజరుగారు కళ్లు తుడుచుకున్నారు. దేనికని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బ్యాండు మాస్టరు మాత్రం విన్నాడు. వినడమే ఆయన పని. కోప్పడలేదు. వచ్చే నెలలో కొత్త షెడ్డు ప్రారంభం ఉందనీ, ఆ పై స్వరం ఎవరి దగ్గర నిలబడితే వాళ్లే ఆ రోజు మొదటి కుర్చీలో కూర్చుంటారనీ గోడకు చెబుతున్నట్టు చెప్పి వెళ్లిపోయాడు. మొదటి కుర్చీ పోతే వెండి పూత బూర కూడా పోతుంది. అది డిపో సొత్తు. కుర్చీలో ఎవరుంటే వాళ్ల చేతిలో ఉంటుంది. పక్క కుర్చీలో సొట్టలు పడ్డ ఇత్తడి బూరతో కూర్చునేది పెద్దబూరకు స్వయానా బావమరిది, భార్య తమ్ముడు. డిపోలో బస్సులు కడుగుతాడు. అతన్ని చిన్నబూర అంటారు. మాటలు జీతంలోంచి కోసుకుంటారేమో అన్నంత పొదుపుగా మాట్లాడతాడు.

పెద్దబూర బాగా ఆలోచించి దోషిని పట్టుకున్నాడు. తప్పు పెదవులది కాదు. వయసుది అసలే కాదు. మౌత్‌పీసుది. బూర కొసన పెదవులకు ఆనించుకునే ఆ చిన్న గిన్నెలాంటి ముక్కను ఆయన కుర్రతనం నుంచీ మార్చలేదు. దాని అంచు అరిగి అరిగి ఆయన మూతి ఆకారానికి వచ్చింది. ఇన్నేళ్లు ఉప్పు తిని ఇప్పుడు ద్రోహం చేసిందని తేల్చాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత డిపోలో అందరికీ వచ్చు. ఆ వారం అక్కడ సామెతలు వాడటం మానేశారు.

ఇంట్లో మానలేదు. భార్య బస్సు సీట్ల కవర్లు కుడుతుంది. మిషను ఆపకుండానే వింది.

"మొదట్లో తప్పు బూరదన్నారు. తర్వాత బ్యాండు గది గోడలదన్నారు. ఇక మిగిలింది నేనే కదా అనుకున్నాను. మౌత్‌పీసు పుణ్యమా అని బయటపడ్డాను."

కొత్త మౌత్‌పీసు అమ్మిన వాద్యాల కొట్టువాడు జన్మలో బూర ఊదిన పాపాన పోలేదు. అయితేనేం, బూరను తన తాతే కనిపెట్టినంత ధీమాగా మాట్లాడాడు. ఇది లోతు తక్కువ మౌత్‌పీసు, గాలి ఎక్కడా ఆగకుండా పరుగెత్తుతుంది, పై స్వరాలు పిలవకుండానే వస్తాయి అన్నాడు. అంటూ దాన్ని వెండి బూరలో దోపి, అరచేత్తో టప్పుమని ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడు పెద్దబూరకు తెగ నచ్చింది. పెద్ద పెద్ద విద్వాంసులు ఇలాగే కొడతారని కొట్టువాడు చెప్పాక ఇంకా నచ్చింది.

మర్నాడు క్యాంటీనులో అందరూ టీ తాగే వేళ చూసి, పాత మౌత్‌పీసును జేబులోంచి తీసి బావమరిది ముందు పెట్టాడు. దానం చేసేవాడికి సాక్షులు ఉండాలి.

"ఉంచుకోరా. నీ స్థాయికి ఇది చాలు."

చిన్నబూర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు. సరే బావా అన్నాడు. అంత పెద్ద దానానికి ఆ రెండు ముక్కలేనా అని పెద్దబూర సాయంత్రం దాకా నొచ్చుకున్నాడు.

కొత్త మౌత్‌పీసు మొదటి రోజు నిజంగానే అద్భుతం చేసింది. పై స్వరం వచ్చింది. ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా వచ్చింది. పెద్దబూర ఆ వారమంతా లోకంలోని బాధలన్నిటికీ అదే మందని చెప్పుకు తిరిగాడు. పాత ఇంజను ఊరికే ఆగిపోతోందని ఒక మెకానిక్కు మొరపెట్టుకుంటే కూడా, పై మూత లోతు ఎంతుందో చూసుకోమని సలహా ఇచ్చాడు. రోజూ సాధన మొదలుపెట్టే ముందు అందరూ వినేలా అరచేత్తో టప్పుమని కొట్టేవాడు. టైర్ల షెడ్డులో మాత్రం, నట్టును అవసరానికి మించి బిగించినవాడు మేస్త్రి కాడు, పశువు అని ఆయన తిట్టని రోజు లేదు.

కొత్త ఒక వింత. ఆ వింత వారంలో పాతబడింది. కింది స్వరాలు సన్నబడ్డాయి. కవాతు పాట మధ్యలో నిదానంగా నడిచే భాగం ఒకటుంది, నిండు కుండలా మోగాలి. అది ఖాళీ డబ్బాలో గులకరాయిలా మోగింది. పెదవులు వాచాయి. తర్వాత పై స్వరం కూడా, కొత్తగా వచ్చిన అల్లుడిలా, పిలిస్తే గానీ రానంది. ఆ తర్వాత పిలిచినా రానంది. ఏం వాయిస్తున్నారని భార్య అడగలేదు. ఏం మరుగుతోందని అడిగింది.

దానికంటే పెద్ద కష్టం పక్క కుర్చీలోంచి వచ్చింది. రెండో బూర చిక్కబడింది. చిన్నబూర ఊదుతుంటే పెద్దబూరకు తన గొంతే వినబడింది, తన పాత గొంతు, ఎవరో ఇంటి వెనక కిటికీలోంచి ఎత్తుకుపోయి పక్కింట్లో పెట్టుకున్నట్టు. మాస్టరు వాయింపు మధ్యలో తల అటు తిప్పాడు. బ్యాండు మాస్టరు తల తిప్పాడంటే ఊరికే తిప్పడు.

ప్రారంభం దగ్గరపడింది. ఇప్పుడు పెద్దబూరకు పాతది వెనక్కి కావాలి. అందరి ముందూ ఇచ్చింది ఎవరి ముందు అడగాలి? మింగలేక కక్కలేక కొన్నాళ్లు తిరిగి, చివరికి నువ్వు మీ తమ్ముణ్ని అడుగు అని భార్యను పట్టుకున్నాడు. ఇచ్చినప్పుడు నన్నడిగి ఇచ్చారా అందామె. అయినా పోనీలే అనుకుందో ఏమో, సెలవు రోజున సీట్ల కవర్ల మూట మోయాలని తమ్ముడికి కబురు పెట్టింది.

చిన్నబూర వచ్చాడు. పెద్దబూర ఎండ గురించి మాట్లాడాడు. బావమరిది సైకిలుకు రెండు చక్రాల్లోనూ గాలి కొట్టాడు. బాగానే ఉన్న గాలిని తీసి మళ్లీ కొట్టాడు. అప్పటికీ మాట రాక, పాతదాని అంచు గుచ్చుకుంటోందేమో అని అడిగాడు. లేదన్నాడు చిన్నబూర. ఊపిరి ఆడటం లేదేమో అన్నాడు. బాగానే ఆడుతోందన్నాడు.

"చాలా పాతది కదరా. నీకు ఇబ్బందేమో అని."

చిన్నబూర జేబులోంచి మౌత్‌పీసు తీసి బల్ల మీద పెట్టాడు.

"కావాలంటే తీసుకో బావా. అడగడానికేముంది?"

వెక్కిరిస్తే బాగుండేది. నాలుగు తిట్టి లాక్కునేవాడు. వెక్కిరించకుండా ఇస్తే తీసుకోవడం ఎంత కష్టమో పెద్దబూరకు ఆ వేళే తెలిసింది. చెయ్యి చాచి తీసుకున్నాడు. వెండి బూర తెచ్చి కొత్తదాన్ని తీయబోయాడు.

అది రాలేదు.

మెలిపెట్టాడు. రాలేదు. రోజూ అరచేత్తో తిన్న దెబ్బలకు అది గొట్టంలో పాతుకుపోయింది. గొట్టానికి వేడినీళ్ల గుడ్డ చుట్టారు. నూనె చుక్కలు వేశారు. ఒక కొస బావ, ఒక కొస బావమరిది పట్టుకుని, కాళ్లు నేలకు తన్ని లాగారు. బూర వాళ్లిద్దరినీ దగ్గరికి లాగింది గానీ మౌత్‌పీసు కదల్లేదు.

"ఇన్నేళ్లలో మీరిద్దరూ కలిసి ఒక పని చేయడం ఇప్పుడే చూస్తున్నాను," అంది భార్య మిషను దగ్గర్నుంచి. "కాస్త నెమ్మదిగా చేయండి. నాలుగు రోజులు గుర్తుంటుంది."

పెద్దబూర లేచి రెంచి తెచ్చాడు. బస్సు చక్రాలు ఊడదీసిన చేతికి ఇదొక లెక్కా అన్నాడు. చిన్నబూర రెంచి మీద చెయ్యి వేసి ఆపాడు.

"వద్దు బావా. గొట్టం మెలిపడుతుంది. అది మనది కాదు, డిపోది."

దాన్ని తీసే పనిముట్టు ఉన్న మేస్త్రి దూరపు పట్నంలో ఉన్నాడు. బూర అక్కడికి వెళ్లి వచ్చేసరికి కొత్త షెడ్డు పాతదైపోతుంది. పెద్దబూర బూరను ఒళ్లో పెట్టుకుని, కుడితిలో పడ్డ ఎలుకలా చూస్తూ కూర్చున్నాడు. మొదటి కుర్చీ కావాలంటే వెండి బూరే ఊదాలి. వెండి బూరకు కొత్త మౌత్‌పీసు తప్ప గతిలేదు. పాత మౌత్‌పీసు కావాలంటే అది దూరే బూర ఇంట్లో ఇంకొకటే ఉంది. అది గుమ్మం పక్కన చిన్నబూర సైకిలుకు వేలాడుతోంది, సొట్టలతో సహా.

చిన్నబూర వెళ్లి దాన్ని తెచ్చి బావ చేతిలో పెట్టాడు. అనడానికేముంది, అందరికీ కనబడుతూనే ఉంది.

పెద్దబూర పాత మౌత్‌పీసు దోపాడు. ఈసారి కొట్టలేదు. కవాతు పాట మధ్యలోని ఆ నిదానపు భాగం ఎత్తుకున్నాడు. స్వరం నిండుగా, లోతుగా, తడి మట్టి మీద నడిచే ఎద్దు అడుగులా బరువుగా వచ్చింది. కుట్టుమిషను ఆగింది. ఇన్నాళ్లూ ఆగని మిషను. పెద్దబూర కళ్లు మూసుకుని పాటను చివరిదాకా తీసుకుపోయాడు, ఆ ఊపులోనే పై స్వరం అందుకున్నాడు.

చీలింది.

ఇంకోసారి పట్టాడు. మళ్లీ చీలింది, సరిగ్గా సూపర్‌వైజరుగారి సభలో చీలిన చోటే.

పాత మౌత్‌పీసు, వేరే బూర, వేరే గోడలు. మిగిలింది ఒక్కటే. అది ఆయన ముక్కు కిందే ఉంది. గదిలో ఎవరూ ఆ మాట అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే భార్య కూడా కత్తెర వెతుక్కుంటున్నట్టు తల వంచుకుంది. కత్తెర ఆమె చేతిలోనే ఉంది.

పెద్దబూర చాలాసేపు బూర సొట్టలు తడుముతూ కూర్చున్నాడు. తర్వాత వెండి బూర వైపు గడ్డంతో చూపించాడు.

"అది ఊదు."

"నేనా?"

"ఇంట్లో ఇంకెవరికి వచ్చు?"

చిన్నబూరవి పలచని పెదవులు. మాటలకు పెద్దగా వాడలేదు కాబట్టి అరిగిపోలేదు. వెండి బూర ఎత్తి, ఊపిరి తీసుకుని, పై స్వరం ఒక్కటే పట్టాడు. అది పైకి వెళ్లింది. అక్కడే నిలబడింది. కిటికీ అద్దం సన్నగా వణికింది. చాలనిపించాక చిన్నబూరే దాన్ని మెల్లగా దించాడు.

చివర్లో కొంచెం తొందరపడ్డావు అన్నాడు పెద్దబూర. గొంతు మామూలుగానే ఉంది. బూర మాత్రం వెనక్కి అడగలేదు.

మర్నాడు సాధనకు ఇద్దరూ బూరలు మార్చుకుని వచ్చారు. పెద్దబూర ఎవరి మొహమూ చూడకుండా రెండో కుర్చీలో కూర్చున్నాడు. అక్కడి నుంచి మాస్టరు మొహం సగమే కనిపిస్తుందని ఆయనకు ఇన్నేళ్లుగా తెలియదు. మాస్టరు ఇద్దర్నీ చూశాడు, బూరల్ని చూశాడు, బొటనవేలితో కాగితం తిప్పాడు. మొదలుపెడదాం అన్నాడు. డ్రమ్ము డ్రైవరు తనకేమీ కనబడలేదని తర్వాత చెప్పాడు.

ఆ సాయంత్రం నుంచే క్యాంటీనులో కొత్త సంగతి ఒకటి ప్రచారంలోకి వచ్చింది. మొదటి బూర ఎవడైనా వాయిస్తాడట, పైన అరిస్తే చాలట. పాట బరువంతా మోసేది రెండో బూరేనట. బస్సును నడిపేది హారనా, చక్రమా అని పెద్దబూర అడుగుతుంటే, టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లు చక్రమే, చక్రమే అన్నారు. ఒప్పుకుంటే తప్ప లేచి వెళ్లనిచ్చేలా లేడు.

ప్రారంభం రోజున కొత్త షెడ్డు ముందు రిబ్బను కట్టారు. పెద్దలు మాట్లాడారు, ఎండ పెరిగింది, ఇంకా మాట్లాడారు. బ్యాండు అందుకుంది. నిదానపు భాగంలో రెండో బూర నిండుగా మోగింది. కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డ జనం కదలకుండా ఉండిపోయారు. చివర్లో అన్నీ ఆగాయి. వెండి బూర ఒక్కటే ఆ పై స్వరాన్ని రేకుల కప్పు దాకా ఎత్తి నిలబెట్టింది. ఎక్కడా చీలలేదు.

డిపో మేనేజరుగారు చప్పట్లు కొడుతూ తిన్నగా బ్యాండు దగ్గరికి వచ్చారు. ఆయనకు బ్యాండులో తెలిసిన మనిషి ఒక్కడే. వెండి బూర పట్టుకున్నవాణ్ని దాటి వచ్చి పెద్దబూర రెండు చేతులూ పట్టుకుని ఊపారు.

"ఆ చివరి స్వరం ఉంది చూశావూ, అబ్బా. ఈ వయసులో కూడా ఆ దమ్ము ఎక్కడిదయ్యా నీకు?"

పక్కన చిన్నబూర నేలను చూస్తున్నాడు. అలవాటు ప్రకారం అతను ఏమీ అనడు. జనంలో నిలబడ్డ భార్య అనగలదు గానీ, ఆమె కూడా చెంగు సర్దుకుంటూ మొగుడి మొహమే చూస్తోంది. ఊరుకుంటే సరిపోతుంది. జీవితంలో ఒక్కసారి నోరు మూసుకుంటే చాలు, ఆ స్వరం ఆయనదైపోతుంది. పెద్దబూర నోరు తెరిచాడు, మూశాడు.

"అది నేను కాదు సార్," అన్నాడు. "మా బావమరిది."

మేనేజరుగారు అలాగా అని అటు తిరిగి చిన్నబూర చెయ్యి పట్టుకున్నారు. చిన్నబూర చెవులు ఎర్రబడ్డాయి. పెద్దబూర ఒక్క క్షణం ఆగాడు. నిజంగా ఆగాడు, భార్య చూసింది. ఆ తర్వాత మేనేజరుగారి భుజం మీదుగా కాస్త ముందుకు వంగాడు.

"మౌత్‌పీసు మాత్రం నేను చూసి తెచ్చిందే సార్. దాంట్లో లోతు తక్కువ. అసలు కిటుకంతా ఎక్కడుందంటే..."