హనుమయ్య గారి ఏడో నంబరు

ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ. గవర్నర్‌పేటలో పాత కంప్యూటర్లు బాగుచేస్తూ, పోయిన ఫైళ్ళు వెతికి తీస్తూ బతుకుతున్నదాన్ని. రోజూ ఎవరో ఒకరు డిస్కును నేలకేసి కొట్టి తెచ్చి, "మేమేం చెయ్యలేదండీ, దానంతటదే పోయింది" అంటుంటే కోపం రాక ఇంకేం వస్తుంది? ఈ వీధిలో కనకలక్ష్మి కొట్టు ఎక్కడా అని అడిగితే, నోరు వినపడే వైపు వెళ్ళమంటారట. అననీయండి. కానీ దుర్గాశంకర్ గారు ఆ ఇనప డబ్బా పట్టుకుని వచ్చిన రోజు మాత్రం నా నోరు పడిపోయింది.

ఆయనది వన్‌టౌన్‌లో చేనేత చీరల హోల్‌సేల్ కొట్టు. పెడన వాళ్ళు. డబ్బాను చీరల సంచిలో పెట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెలకానించుకుని తెచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పారు.

వాళ్ళమ్మాయి ప్రత్యూష ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పాఠం చెబుతూ చెబుతూ బోర్డు దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయిందట. స్కాన్ తీస్తే తలలో ఎడమవైపు మినపగింజంత మచ్చ కనిపించింది. మనిషికి మాటలు పుట్టే చోటు అదేనట. సోమవారం తల తెరిచి ఆ మచ్చ తీసేస్తామని, తీసేటప్పుడు మాట పడిపోయే ప్రమాదం ఉందని సర్జన్ చెప్పేశాడు. ఒక్క మాట మాత్రం అదనంగా చెప్పాడు. చిన్నప్పటి స్కాన్ ఏదైనా ఉంటే తీసుకురండి, ఈ మచ్చ అప్పటినుంచీ ఉండి, పెరగకుండా ఉంటే కత్తి పెట్టక్కర్లేదు. అప్పుడు లేదంటే ఇది కొత్తగా పుట్టింది, ఇక ఆలస్యం చెయ్యకూడదు.

చిన్నప్పటి స్కాన్ ఉండేది. ఆ పిల్లకి అయిదేళ్ళప్పుడు తండ్రి స్కూటర్ వెనక సీటు మీంచి కింద పడితే తీయించారు. అంతా నార్మల్ అని రిపోర్టిచ్చారు. ఆ ఫిల్ములు సింగ్‌నగర్‌లో వాళ్ళింటి బీరువా అడుగు అరలో ఉండేవి. బుడమేరు వాగు పొంగి ఇంట్లోకొచ్చినప్పుడు మునిగిపోయాయి. నీళ్ళు దిగాక తీసి చూస్తే బొమ్మంతా ఊడి, చేతికి జిగురులా అంటుకుందట. నార్మల్ అన్న మాట చాలదు, బొమ్మ కళ్ళారా చూడాలన్నాడట సర్జన్.

ఆ స్కాన్ సెంటర్ మూతపడి చాలా కాలమైంది. దాని యజమాని హనుమయ్య గారిది ఉయ్యూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. ఇప్పుడు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల వ్యాపారం చేస్తున్నారు. మిషన్‌ని తుక్కు కింద అమ్మేసినా, బొమ్మలన్నీ దాచిన డిస్కును మాత్రం అమ్మలేదు. కలిసొచ్చిన డబ్బా అని కొట్లో దుర్గమ్మ పటం పక్కన పెట్టుకుని రోజూ బొట్టు పెడుతున్నారు. దుర్గాశంకర్ గారు వెళ్ళి చేతులు జోడిస్తే, మొహమాటపడుతూనే ఇచ్చారట.

సంచిలోంచి తీసి చూశాను. స్కజీ డిస్కు. ఈ కాలం కుర్రాళ్ళకి ఆ పేరే తెలియదు. పూర్వం పెద్ద పెద్ద మిషన్లలో అవే ఉండేవి. వాటికి వేరే కార్డు కావాలి, వేరే కేబుల్ కావాలి, ఇప్పటి కంప్యూటర్లలో ఆ కార్డు గుచ్చే చోటు కూడా ఉండదు. పైగా డిస్కు ఇన్నేళ్ళుగా తిరగలేదు. తిరుగుతుందో లేదో తెలియదు, తిరిగితే ఎంతసేపు తిరుగుతుందో అసలే తెలియదు. నా భయమల్లా అదే. ఆ సంగతి ఆయనకి దాచకుండా చెప్పాను. ఆయన తలూపారు తప్ప సంచి వెనక్కి తీసుకోలేదు.

మూలన పడేసిన నా పాత కంప్యూటర్ దుమ్ము దులిపాను. పాత సామాన్లు అమ్మే యేసుకుమార్ దగ్గర్నుంచి కార్డు, కేబుల్ తెప్పించాను. డిస్కు వెనక ఉన్న మూతి పెద్దది, కేబుల్ మూతి చిన్నది. మధ్యలో ఒక మార్పిడి ముక్క పెడితే గానీ కుదరలేదు. కరెంటు ఇచ్చాను. ముందు టక్కుమంది, తర్వాత సన్నగా ఈల వేస్తూ తిరగడం మొదలైంది. దుర్గాశంకర్ గారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. తెర మీద మాత్రం ఏమీ రాలేదు.

కేబుల్ చివర చూసుకుంటే తెలిసింది. ఆ చివర ఒక బిరడా ఉండాలి. టెర్మినేటర్ అంటాం. అది లేకపోతే తీగలో వెళ్ళిన కబురు చివర తగిలి వెనక్కొచ్చి, తరవాత వచ్చే కబుర్లతో కలిసిపోయి గందరగోళం చేస్తుంది. యేసుకుమార్‌కి ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెడితే, "దానికి అటువైపు ఏమీ తగిలించేది లేదు కదాని పక్కన పెట్టానండీ" అన్నాడు. ఆ పక్కన పెట్టిందే పంపమన్నాను. పంపాడు. బిగించి మళ్ళీ వేశాను.

ఈసారి తెర మీద డిస్కు కనిపించింది. ఒకటి కాదు. వరసగా ఏడు కనిపించాయి. ఒకే పేరు, ఒకే సైజు, ఒకదాని కింద ఒకటి ఏడు.

బల్ల మీద చూశాను. ఉన్నది ఒకటే. మళ్ళీ తెర చూశాను. ఇన్నేళ్ళలో చచ్చిన డిస్కుల్ని చూశాను, సగం చచ్చినవి చూశాను, ఒకటి ఏడైన డిస్కుని నా కళ్ళతో చూడలేదు. అంతలో ప్రతి దానికీ ఒక చిన్న పెట్టె తెరుచుకుని, ఈ డిస్కు కొత్తదిలా ఉంది, వాడకానికి సిద్ధం చెయ్యమంటారా అని అడగడం మొదలెట్టింది. ఓకే నొక్కితే సరిపోతుందేమో కదండీ అంటూ దుర్గాశంకర్ గారు మౌస్ మీద చెయ్యి వెయ్యబోయారు. ఆ చెయ్యి మీద ఠపీమని కొట్టాను. నొక్కితే ఉన్న బొమ్మలన్నీ చెరిగిపోయేవని చెప్పాక ఆయన ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

కరెంటు తీసేసి డిస్కుని తిరగేశాను. వెనక వైపు పసుపూ కుంకుమా పొరలు పొరలుగా పేరుకుపోయి ఉన్నాయి. పళ్ళు తోముకునే బ్రష్షుతో మెల్లగా గీకితే అడుగున సన్నటి పిన్నుల వరస, వాటికి తొడిగిన చిన్న నల్ల టోపీలు కనిపించాయి. ఒక కేబుల్ మీద ఉన్న ప్రతి వస్తువుకీ డోర్ నంబరులాగా ఒక నంబరు ఉండాలి. ఈ టోపీలు ఎలా తొడిగితే అది ఆ నంబరు. మామూలు కంప్యూటర్‌లో ఏడో నంబరు కార్డుది. కంపెనీవాళ్ళే ఇచ్చి పంపిస్తారు, ఇంకెవరూ వాడకూడదు. ఈ డిస్కుకి టోపీలన్నీ తొడిగేసి ఉన్నాయి. అంటే ఏడు. కార్డూ ఏడే, డిస్కూ ఏడే. ఎవరిని పిలిచినా ఇదే పలుకుతుంది, అందుకే ప్రతి నంబరు దగ్గరా ఇదే కనిపించింది.

చదువుకున్న ఇంజనీరెవడూ చెయ్యని పని అది. ఒళ్ళు మండి హనుమయ్య గారికి ఫోన్ చేశాను. ఫోన్‌లో చెప్పకుండా కారేసుకుని ఆయనే వచ్చేశారు. తెల్ల చొక్కా, వేళ్ళకి ఉంగరాలు, కారు నంబరు కూడితే ఏడు. ఈ పిన్నులు ఇలా ఎవరు పెట్టారండీ అంటే, ఆయన గర్వంగా నవ్వారు.

"నేనే పెట్టించానమ్మా. మద్రాస్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకటో నంబరు పెట్టాడు. నాది ఏడు, మార్చమన్నా. వాడు గొణుక్కుంటా మార్చాడు. మర్నాటి నుంచీ జనం చూడండి!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక ఆడపిల్ల మాట ఉంటుందా పోతుందా అన్నది ఈయన జాతకం మీద ఆగిపోయింది. ఆ స్కాన్ మిషన్‌లో కార్డు నంబరు సున్నా అయ్యుంటుంది, కాబట్టి అక్కడ ఏడు చెల్లిందని, నా దగ్గర చెల్లదని చెప్పాను. తెర మీద ఏడు డిస్కులు కనిపించాయని దుర్గాశంకర్ గారు చెబితే హనుమయ్య గారు మురిసిపోయారు. నేను టోపీలన్నీ లాగేస్తుంటే మాత్రం కంగారుపడ్డారు. ఇప్పుడు నంబరెంతైందని అడిగారు. సున్నా అన్నాను.

సున్నా వద్దమ్మా, కనీసం అయిదన్నా పెట్టండి అని బతిమాలారు. నేనేదో అనబోయేలోపే దుర్గాశంకర్ గారు గోడ దగ్గర్నుంచి, "ఏదో ఒకటి పెట్టండి తల్లీ, మా పిల్ల వచ్చే వేళైంది" అన్నారు. ఆ గొంతు విని నేను సున్నా మీదే కేబుల్ బిగించేశాను.

కరెంటు వేశాను. ఒకే ఒక్క డిస్కు కనిపించింది. ముందుగా మొత్తం కాపీ తీసుకున్నాను. ప్రత్యూష అప్పుడే వచ్చింది. క్లాసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతికి సుద్ద ఉంది, గొంతు బొంగురుపోయి ఉంది. ఎనభై మందికి వినపడాలి కదండీ అని నవ్వింది. సోమవారం ఆపరేషన్ పెట్టుకుని ఇవాళ కూడా పాఠం చెప్పొచ్చిందని తెలిసి నా మంచినీళ్ళ సీసా ఆ అమ్మాయి చేతిలో పెట్టాను. ఇంకెవరైనా అయితే తిట్టేదాన్ని.

తేదీ ప్రకారం వెతికితే పేరు దొరికింది. ఫైలు తెరిచాను. అయిదేళ్ళ పిల్ల తల, పొరలు పొరలుగా, బూడిద రంగులో. ఒక్కొక్క పొరా దాటిస్తున్నాను. ప్రత్యూష తన ఫోన్లో ఉన్న కొత్త స్కాన్ తెర పక్కన పెట్టి పట్టుకుంది.

"ఆపండి మేడమ్" అంది.

ఎడమవైపు, సరిగ్గా అదే చోట, మినపగింజంత తెల్లటి చుక్క ఉంది. మచ్చ ఉన్నందుకు సంతోషించే రోజొకటి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. దుర్గాశంకర్ గారు అక్కడే నేల మీద కూర్చున్నారు. హనుమయ్య గారు, చూశారా నా డబ్బా అంటూ చప్పట్లు కొట్టారు.

మనం అనుకుంటే చాలదు, డాక్టరు చెప్పాలి. ఫైలు మొత్తం సర్జన్‌కి పంపాం. పక్క హోటల్ నుంచి టీలు తెప్పిస్తే చల్లారిపోయాయి గానీ ఎవరూ ముట్టలేదు. చివరికి ఫోన్ మోగింది. ప్రత్యూష స్పీకర్ పెట్టింది. రెండూ పక్కపక్కన పెట్టి కొలిచానని, వెంట్రుకవాసి కూడా పెరగలేదని, ఆపరేషన్ రద్దు చేస్తున్నానని, కళ్ళు తిరగకుండా మందులు ఇస్తానని, ఏడాదికోసారి చూపించుకుంటే చాలని ఆయన చెప్పాడు. దుర్గాశంకర్ గారు కండువాలో మొహం పెట్టుకుని ఏడ్చేశారు. ఫోన్ పెట్టేసే ముందు సర్జన్ ఇంకొక్క మాట అడిగాడు.

"ఇంత స్పష్టంగా కనపడుతుంటే అప్పుడు నార్మల్ అని ఎలా రాశారండీ?"

కనుక్కుంటామని ప్రత్యూష ఫోన్ పెట్టేసింది. అందరం హనుమయ్య గారి వైపు తిరిగాం. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ మాట నాకు అంతవరకూ తట్టనే లేదు. డిస్కు దొరకడమే గొప్ప, బొమ్మ రావడమే గొప్ప అనుకుంటూ ఉన్నాను. ఇన్నేళ్ళూ ఈ పిల్ల తలలో మచ్చ ఉంది, ఈ పెద్దమనిషి సెంటర్లో ఏమీ లేదని రాసి పంపారు. దుర్గాశంకర్ గారు లేచి ఆయన దగ్గరికి వెళ్ళారు. కొడతారనుకున్నాను. కొట్టినా నేను అడ్డుపడేదాన్ని కాదు.

ఆయన కొట్టలేదు. ఎవరూ చూడలేదా అండీ అని మాత్రం అడిగారు. ఆ మెత్తటి గొంతు వింటే నాకు కొట్టడమే నయమనిపించింది.

హనుమయ్య గారు తల దించుకుని చెప్పారు. సాయంత్రం పూట ఒక డాక్టరు వచ్చి రోజంతా తీసినవి చూసేవాడట. బయట బెంచీల నిండా జనం. త్వరగా కానివ్వండి, త్వరగా కానివ్వండి అని తనే తలుపు దగ్గర నిలబడి తొందరపెట్టేవాడినని చెప్పారు. ఆ డాక్టరు మీదకి నెట్టెయ్యొచ్చు, నెట్టలేదు.

ప్రత్యూష తండ్రి భుజం పట్టుకుని వెనక్కి లాగింది. "పోనీండి నాన్నా. అప్పుడే చూసుంటే అప్పుడే కోసేవాళ్ళేమో. నాకు మాట ఉండేదో లేదో."

నిజమే. చూడకపోవడం వల్లే ఈ పిల్ల ఎనభై మందికి పాఠం చెప్పగలుగుతోంది. నాకొచ్చిన కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హనుమయ్య గారికి ఇది మంచి మాటే అవుతుంది, ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోతారు అనుకున్నాను.

ఆయన వెళ్ళలేదు. తెర మీదున్న ఆ తెల్ల చుక్క వైపే చూస్తున్నారు. చెయ్యెత్తి చెంపల మీద చెమట తుడుచుకున్నారు.

"నీకు మంచే జరిగిందమ్మా. మిగతావాళ్ళకి?" అన్నారు.

ఆయన స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"కనకలక్ష్మి గారూ, ఈ డబ్బాలో ఇంకా ఎంతమందున్నారు?"

ప్రత్యూష ఫైలు మూసి, పేర్లున్న పేజీ తెరిచాను. పేరు, వయసు, ఊరు. కైకలూరు, అవనిగడ్డ, నందిగామ, మొవ్వ, మళ్ళీ అవనిగడ్డ. చిన్నపిల్లలు, ముసలివాళ్ళు, ఒకే ఇంటిపేరుతో అన్నాచెల్లెళ్ళు. కిందికి జరుపుతూ పోయాను. దుర్గాశంకర్ గారూ, ప్రత్యూషా కూడా ఇంటికి వెళ్ళకుండా మా వెనక నిలబడి చదువుతున్నారు. ఎంత జరిపినా పేర్లు వస్తూనే ఉన్నాయి.