పావుసెకను కంబళి

తండ్రి పోయిన రెండేళ్ళకి కూతురు ఆ పచ్చ కారు మీది ముసుగు తీసింది. అరవై ఏళ్ళ కిందట ఇంగ్లాండులో తయారైన బుల్లి పందెం కారది. రెండే సీట్లు, పైకప్పు లేదు. కూర్చుంటే రోడ్డు మీద పీట వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది. ఆదివారం కొండ పందెం. పదకొండు మలుపుల దారిలో బండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఒంటరిగా పైకి పరుగెత్తాలి. ఎవరు తక్కువ సమయంలో చేరితే వాళ్ళదే గెలుపు. తండ్రి ముప్పై ఏళ్ళు ఆ పందెంలో పరుగెత్తాడు. ఒక్కసారీ గెలవలేదు.

"అమ్మా, ఓసారి రావే! నీ చెవి కావాలి!"

షెడ్డులోంచి ఆ కేక వినగానే తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. పిలుపు అదే, గొంతే మారింది.

ఆ ఇంజనుకి రెండు కార్బురేటర్లు. రెండూ సమానంగా గాలి పీలిస్తేనే బండి బలంగా లాగుతుంది. ఏళ్ళ తరబడి గ్రైండరు రొదలో పనిచేసి, మెకానిక్కు మేస్త్రి అయిన ఆ తండ్రి చెవులు పాడైపోయాయి. అందుకని భార్యని పిలిచేవాడు. ఆమె మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొస ఒక్కో కార్బురేటరు మూతి దగ్గర పెట్టి, ఏది ఎక్కువ బుస కొడుతోందో వేలితో చూపించేది. ఆయన స్క్రూ తిప్పేవాడు. "చెవి నీది, చెయ్యి నాది. ఇద్దరం కలిస్తేగానీ ఒక మెకానిక్కు కాడు," అని నవ్వేవాడు.

ఇప్పుడూ ఆమె గొట్టం చెవికి పెట్టుకుంది. ఎడమది ఎక్కువ. వేలు కిందికి దించింది. కూతురు అరచుట్టు తిప్పింది. ఇంకొంచెం. ఇంకాస్త. రెండు బుసలూ ఒక్కటయ్యాయి. ఆ ఒక్క క్షణం ఆయన పక్కనే ఉన్నాడనిపించి, ఆమె గొట్టం వెంటనే తీయలేకపోయింది.

ఇంజను ఆపి కూతురు మడ్‌గార్డు మీద కూర్చుంది.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. చేత్తో లాగితే కార్బురేటర్ల తలుపులు పూర్తిగా తెరుచుకుంటున్నాయి. సీట్లో కూర్చుని తొక్కితే మాత్రం ఏదో మిగిలిపోతోంది. నాన్న అనేవాడు చూడు, 'దీని కడుపులో ఇంకా ఉందే, కక్కట్లేదు' అని."

తల్లి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. అప్పటికే రెండుసార్లు తుడుచుకుంది.

ఇంజను పైభాగాన్ని, అదే హెడ్డుని, లేతు మీద వెంట్రుకవాసి చొప్పున ఎన్నిసార్లు చెక్కించాడో ఆయన! గాలీ పెట్రోలూ కలిసిన ఆవిరి ఎంత ఇరుకులో నలిగితే అంత బలమట. గాలి దారుల్ని చిన్న ఆకురాయితో అరగదీసి, ముఖం చూసుకునేంత నునుపు చేశాడు. అయినా ప్రతి ఏడూ పావుసెకను తేడాతో, అదే పందెంలో దిగే పళ్ళ డాక్టరు చేతిలో ఓడిపోయేవాడు. "ఏం మేస్త్రీ, ఈ ఏడూ పావుసెకనేనా? నేను పన్ను పీకడానికీ అంతే పడుతుందయ్యా!" అనేవాడు డాక్టరు. అలా ఆయనకి పావుసెకను మేస్త్రి అని పేరు పడిపోయింది.

"ఈసారీ అంతే అయితే హెడ్డు ఇంకో పొర చెక్కిస్తా," అంది కూతురు.

"వద్దే! ఇంక చెక్కితే పగులుతుందన్నారు మీ నాన్న!"

"పగిలితే పగిలింది. ఆ పేరు మాత్రం పోవాలి."

ఆయన ముప్పై ఏళ్ళ చేతిపని. అది పగలడమంటే ఆయన రెండోసారి పోవడమే. తల్లి కారు లోపలికి వేలు చూపించింది.

"హెడ్డు జోలికి పోకు. యాక్సిలరేటరు కింద మ్యాటు ఎత్తి చూడు."

కూతురు వంగి రబ్బరు మ్యాటు ఎత్తింది. కింద నూనె తాగి నల్లబడిన కంబళి ముక్క, పొరలు పొరలుగా.

"ఇదేంటమ్మా?"

"నేనే పెట్టాను. నువ్వు కడుపులో ఉన్నప్పుడు." ఆయన మొదటి పందేనికి ఇంకా కారు సిద్ధం చేసుకుంటున్న ఆ ఏడు, పందెంలో ఒకతను ఆమె చేతి మంచినీళ్ళు తాగి, "వస్తానమ్మా" అని బయల్దేరాడు. ఏడో మలుపులో బండి లోయలోకి పోయింది. మళ్ళీ రాలేదు. మర్నాడే ఆమె పాత కంబళి నాలుగు పొరలు కుట్టి పెడలు కింద దాచింది. ఎంత తొక్కినా పెడలు వేలెడు ముందే ఆగిపోయేది. ఆయనేమో బానెట్ ఎత్తి వెతికేవాడు. దీపం కిందే చీకటి. మొదట భయంతో చెప్పలేదు, తర్వాత సిగ్గుతో.

"అయితే నాన్నని ఓడించింది పళ్ళ డాక్టరు కాదన్నమాట!"

"తిట్టవే. తిట్టు."

కూతురు తిట్టలేదు. ఆ ముక్కని వెలుతురులో తిప్పి చూస్తోంది. "నువ్వు దేంతో కుట్టావు?"

"నల్లదారంతో."

"ఇది తీగమ్మా."

బోల్టులు ఊడకుండా బిగించే సన్నని ఉక్కు తీగ. నల్లదారం ఎప్పుడు పుటుక్కుమందో, దాని బొక్కల్లోంచే తీగ తిరిగింది. కొసలు ఎడమవైపుకి మెలేసి ఉన్నాయి. అలా మెలేసేది ఎడమచేతి వాటం మేస్త్రి ఒక్కడే.

"పొరలు నాలుగన్నావు. ఐదున్నాయే?"

ఐదోది ఖాకీ గుడ్డ. తల్లి వేళ్ళతో తడిమింది. కూతురికి డ్రైవింగు నేర్పిన ఏడాది ఆయన తొడిగిన చొక్కా అది. చిరిగిందని మసిగుడ్డలకి తీసుకుపోయాడు.

"బాగుంది వరస! నువ్వు ఆయన కోసం పెడితే, ఆయన నాకోసం ఇంకోటి కలిపాడా? దొందూ దొందే!" కూతురు నవ్వబోయి ముక్కు ఎగబీల్చింది.

చివరి రోజుల్లో మంచం మీంచి ఆయన అడిగిన మాట తల్లికి గుర్తొచ్చింది. "ఆ పావుసెకను ఎక్కడ దాక్కుందంటావే?" అప్పుడు ఆయన ముఖంలోని నవ్వుని నొప్పి అనుకుని, ఆమె దుప్పటి సర్దింది.

ఆదివారం పొద్దున కొండ కింద పళ్ళ డాక్టరు కర్ర పట్టుకుని ఎదురొచ్చాడు. ఇప్పుడు ఆయనవే కట్టుడు పళ్ళు. "ఏమ్మా, ఈ ఏడూ పావుసెకనేనా?"

కూతురు సీట్లోంచి తల్లి వైపు చూసింది. "అమ్మా, నువ్వే చెప్పు. కంబళి ఉంచనా, తీయనా?"

తల్లి వంగి, మ్యాటు ఎత్తి, కంబళి ముక్క తన చేతి సంచిలో వేసుకుంది. 

"వస్తానమ్మా."

కారు దూసుకుపోయింది. ఆమె కళ్ళు మూసుకుని చెవితో మలుపులు లెక్కపెట్టింది. ఐదు. ఆరు. ఏడో మలుపు బండరాయి వెనక శబ్దం మాయమైంది. సంచిలో ఆమె వేళ్ళు తీగ మెలికని పట్టుకున్నాయి. అంతలో శబ్దం బయటికొచ్చి, పైకి, ఇంకా పైకి లేచింది. ఆ కొస స్వరం ఆమె ఈ దారిలో ఎన్నడూ వినలేదు. ముప్పై ఏళ్ళు ఆ బండి గొంతులోనే ఉండిపోయిన స్వరం.

గడియారం పట్టుకున్నతను సమయం అరిచి చెప్పాడు. పళ్ళ డాక్టరు టోపీ తీసి, ఆమె చెవి దగ్గరికి వంగి ఏదో అనబోయాడు.

"ఉండండి," అంది ఆమె చెయ్యెత్తి. ఆమె ఇంకా వింటూనే ఉంది, కారు కిందికి దిగే చప్పుడు కోసం.