నాలుగూ మంచు టైర్లే

సుగుణకుమారికి డ్రైవింగ్ లైసెన్సు మూడో పరీక్షలో వచ్చింది. మొదటిసారి రౌండెబౌట్ దగ్గర పోయింది, రెండోసారి రివర్సులో పోయింది. "పోనీలే సుగుణా, బస్సులున్నాయిగా" అని బెల్‌ఫాస్ట్ తెలుగు సహవాసంలో ఆడవాళ్ళంతా ఓదార్చారు. ఆమెకు కావలసింది ఓదార్పు కాదు, కారు. బస్సు ఎక్కడిదాకా పోతుందో ఆ ఆడవాళ్ళకేం తెలుసు? ఊరి చివర ఆగిపోతుంది. అక్కడినుంచి కొండమీదికి మైలున్నర సందు, ఆ సందు చివర నెల్ ఇల్లు.

నెల్‌కి ఎనభై రెండేళ్ళు, పార్కిన్సన్స్ జబ్బు. పొద్దున ఏడింటికి మాత్ర పడితేనే ఒళ్ళు కదులుతుంది. పడకపోతే మంచంలో కొయ్యబారిపోయి పక్కకు ఒత్తిగిలడం కూడా చేతకాదు. కేర్ ఏజెన్సీ తరఫున పొద్దునా సాయంత్రం ఒక మనిషి వెళ్ళి మాత్ర వేసి, లేపి, స్నానం చేయించి, టీ ఇచ్చి రావాలి. కిందటి మార్చిలో మంచు కురిసిన రోజున అప్పటి కేరర్ కారు కొండ మొదట్లోనే చతికిలబడితే, ఆ పిల్ల వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. నెల్ తడిసిన పక్కలో మధ్యాహ్నం రెండింటిదాకా పడి ఉంది. ఆ మీదట సోషల్ వర్కర్ వచ్చి కాగితం రాసింది. చలికాలంలో ఇంకొక్క విజిట్ తప్పినా సరే, నెల్‌ని నర్సింగ్ హోమ్‌కి మార్చేస్తారు, ఇల్లు మూసేస్తారు.

"నేను పుట్టిందీ ఈ గదిలోనే, సుగుణా. పోవడం కూడా ఈ గదిలోంచే పోతాను" అంది నెల్, సుగుణ కొత్తగా ఆమె ఇంటి డ్యూటీల రోటాలో చేరిన వారంలోనే. "మంచులో వస్తావా?"

"వస్తాను" అంది సుగుణ. మాటిచ్చేసింది. ఇంకేముంది, ఆమె పట్టు ఉడుంపట్టు. బాపట్లలో నర్సింగ్ చదువుతానంటే వద్దన్న మేనమామలు ఆరుగురూ ఆ పట్టు ముందు ఓడిపోయినవాళ్ళే.

రెండువేల నాలుగు జనవరిలో కారు కొన్నారు. ఎర్ర మైక్రా, ఆరేళ్ళ పాతది. ఆదివారం ఆరాధన అయ్యాక సహవాసం పెద్ద థామస్ అంకుల్ బానెట్ మీద చెయ్యి వేసి, ఇంజను పూర్తిగా చల్లారేదాకా ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నాక సుగుణ మంచు టైర్ల మాట ఎత్తింది.

"ఈ ఊళ్ళో మంచు టైర్లు ఎవరు వేస్తారమ్మా" అన్నారు అంకుల్. "ఏడాదికి రెండ్రోజులు పడుతుంది, మూడో రోజుకి కరిగిపోతుంది."

"ఆ రెండ్రోజుల కోసమేనండీ అంకుల్."

ఆమెకు ఆ టైర్ల సంగతి చెప్పింది నెల్లే. ఆమె భర్త బతికున్నన్నాళ్ళూ ఆ కొండమీద పాలు పోసేవాడట. నవంబరు రాగానే చక్రాలు మార్చేవాడట. మంచు టైరుకి గాడులు లోతుగా ఉంటాయనీ, పైన బ్రెడ్డు కోసే కత్తితో గీసినట్టు సన్నటి గాట్లుంటాయనీ, రబ్బరు చలికి బిగుసుకుపోకుండా మెత్తగా ఉంటుందనీ నెల్ వణికే వేళ్ళతో దుప్పటి మీద గీసి చూపించింది.

ఇక దయారత్నం మాట. ఆయన సుగుణ భర్త. రేపల్లె ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్లో పద్దెనిమిదేళ్ళు చేసిన మనిషి. టైరు మీద అరచెయ్యి పెట్టి అది ఇంకెన్ని కిలోమీటర్లు తిరుగుతుందో చెప్పేవాడు. అలాంటివాడు పెళ్ళాం ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చి, బేకరీలో ట్రేలు కడుగుతున్నాడు. ఇక్కడ ఆయన్ని ఎవరూ ఏదీ అడగరు. ఇంగ్లీషు తడబడుతుందని ఆయనా నోరు విప్పడు. అందుకని టైర్ల కొట్టుకి వెళ్దామనగానే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అది చూసి సుగుణ ప్రాణం ఉసూరుమంది, సంతోషమూ వేసింది.

కొట్టతని పేరు బిల్లీ. మంచు టైర్లంటే తల గోక్కున్నాడు. "నా దగ్గర ఇవి అడిగినవాళ్ళు పదేళ్ళలో నలుగురు" అని, ఎక్కడికో ఫోన్ చేసి తెప్పిస్తానన్నాడు. దయారత్నం అక్కడున్న ప్రతి టైరునీ తట్టి, నొక్కి, గోరుతో గీరి చూశాడు. బిల్లీ ఆ చేతుల్ని చూస్తూ నిలబడిపోయాడు. పనివాణ్ణి పనివాడు గుర్తుపట్టడానికి భాషతో ఏం పని?

శుక్రవారం ఫోన్ వచ్చింది. నాలుగు చెబితే రెండే వచ్చాయి, తక్కిన రెండూ వచ్చే శుక్రవారం. దయారత్నం మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఇద్దరూ కారు తీసుకుని కొట్టుకి వెళ్ళారు. టీవీలో ఆదివారం రాత్రినుంచి మంచు అంటున్నారు. అసలు గొడవ అక్కడ మొదలైంది.

"రెండే ఉంటే వెనక్కి వెయ్యాలి" అన్నాడు బిల్లీ. "నాలుగూ వచ్చేదాకా ఆగితే ఇంకా మంచిది."

సుగుణ ఆ మాట భర్తకి చెప్పింది. ఆయన మొహం జేవురించింది.

"వెనక్కా? ఎవడన్నా వింటే నవ్వుతాడు. మా డిపోలో కొత్త టైరు ముందుకి, అరిగినదానికి రబ్బరు అతికించిన రీట్రెడ్డు వెనక్కి. ముందు టైరు పోతే బండీ లేదు, మనుషులూ లేరు. పద్దెనిమిదేళ్ళు ఇదే చేశానే నేను. ముందుకి వెయ్యమను."

"ఆయన కూడా ఇదే పని చేస్తాడు గదండీ."

"చెయ్యనీ. నేను వేసిన టైర్ల మీద ఎంతమంది జనం తిరిగారో లెక్క చెప్పమను చూద్దాం."

ఆయన గొంతు లేచింది. ఈ దేశం వచ్చాక ఏణ్ణర్ధంలో ఆ గొంతు లేవడం అదే మొదలు. వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. ఆ క్షణంలో ఆయన కళ్ళలో రేపల్లె డిపో అంతా కనబడింది సుగుణకి. ఇది కూడా నీకు తెలియదని తను కట్టుకున్న మనిషితో, పరాయివాడి ఎదుట, ఎలా అంటుంది? అనలేకపోయింది. "ముందుకే వెయ్యండి" అంది బిల్లీతో. అతను భుజాలెగరేసి జాకీ అందుకున్నాడు. మొగుణ్ణి నొప్పించకూడదని కొండమీది ముసలమ్మ ఇల్లు పణంగా పెడుతున్నానేమోనని, ఇంటికి పోయేదాకా ఆమె అనుకుంటూనే ఉంది.

సోమవారం పొద్దున ఆరింటికి లేచేసరికి వీధి తెల్లబడి ఉంది. నాలుగంగుళాలకు తక్కువ లేదు. దయారత్నం అప్పటికే ఇస్త్రీ చొక్కా మీద కోటు తొడుక్కుని తయారు. "నేనూ వస్తున్నా. నీ డ్రైవింగు చూడొద్దూ" అన్నాడు. చూడవలసింది టైర్లని అని ఇద్దరికీ తెలుసు.

ఊళ్ళో రోడ్డు బాగానే సాగింది. కొండ సందు మొదలైంది. పక్కన ఎవరిదో పెద్ద కారు పల్లంలోకి జారి మూతి కంచెకి ఆనించి పడి ఉంది. మైక్రా మాత్రం గుక్క తిప్పుకోకుండా ఎక్కుతోంది. ముందు చక్రాలు మంచుని కరిచిపట్టి లాగుతున్నాయి.

"చూశావా" అన్నాడు దయారత్నం, డ్యాష్‌బోర్డు తట్టి. "చూశావా, ఎట్టా పోతందో. ఆ బిల్లీగాణ్ణి తీసుకొచ్చి చూపించాలి."

సుగుణ చూపు దారిమీదే ఉంది. ఎదర ఎక్కుడు అయిపోయి చిన్న వాగు దగ్గరికి దిగుడు, దిగుడులోనే ఒక మలుపు. బ్రేకు మీద కాలు పెట్టీ పెట్టనట్టు ఆనించింది. అంతే. ముందు చక్రాలు చెప్పిన మాట విన్నాయి. వెనకవి వినలేదు. కారు వెనక భాగం తనంతట తాను పక్కకు వచ్చేసింది. లైట్ల వెలుగులో కంచె, చీకటి, వచ్చిన దారి, మళ్ళీ కంచె. తర్వాత మెత్తగా ఒక కుదుపు, నిశ్శబ్దం. పొలం గేటు పక్కన గట్టుకి వీపు ఆనించుకుని, కారు వచ్చిన దారివైపు మొహం పెట్టి నిలబడిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. "స్తోత్రం ప్రభువా" అని సుగుణ రెండుసార్లు అనుకుంది. పక్కకి చూస్తే దయారత్నం రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, అద్దంలోంచి తిన్నగా చూస్తూ కూర్చున్నాడు. అందరికీ శకునాలు చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టయింది ఆయన పని. ఇంకెప్పుడైనా అయితే సుగుణ ఆ మాట పైకే అని ఉండేది.

గడియారం చూసింది. ఏడుకి ఇరవై నిమిషాలు తక్కువ. ఇంకా ముప్పావు మైలు ఉంది. కోపం వచ్చింది ఆమెకి, ముంచుకొచ్చినట్టు వచ్చింది. ఆయన మీద కన్నా నోరు మూసుకుని ఒప్పుకున్న తన మీద ఎక్కువ వచ్చింది. ఆ కోపంతోనే సీటు బెల్టు విప్పి, సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఎక్కడికి?" అన్నాడాయన.

"మాత్ర వెయ్యడానికండీ. ఏడింటికి."

"నడిచా?"

"కారు రాకపోతే కాళ్ళున్నయ్యి గదా."

తలుపు వేసి నడిచింది. మంచు చీలమండ దాటి బూటులోకి దిగుతోంది. ఒకచోట మోకాళ్ళ మీద పడింది, లేచింది. ఇంకోచోట చీకట్లో దారి ఏదో గట్టు ఏదో తెలియక కంచె తీగ పట్టుకుని నడిచింది. నర్సింగ్ హోముల్లో ఆమె పని చేసింది. అక్కడికి వచ్చిన వాళ్ళు ఒక నెలలో కిటికీవైపు చూడటం మానేస్తారు, రెండో నెలలో తమ పేరుకి పలకడం మానేస్తారు. నెల్‌ని అక్కడ కూర్చోబెట్టనివ్వను, కూర్చోబెట్టనివ్వను అని అడుగు అడుక్కీ అనుకుంటూ ఎక్కింది. ఊపిరి అందనప్పుడు కూడా అనుకుంటూనే ఉంది.

తలుపు తీసి లోపలికి పోయేసరికి ఏడూ పదిహేను. నెల్ మంచంలో వెల్లకిలా ఉంది. కళ్ళు మాత్రం తిరుగుతున్నాయి. ఆ కళ్ళలో నీళ్ళు చెవులదాకా కారి ఉన్నాయి. చీకట్లోనూ కిటికీలోంచి మంచు తెల్లగా కనబడుతూనే ఉంది కదా, మెలకువ వచ్చినప్పటినుంచీ ఆమె ఏం అనుకుంటూ పడి ఉందో వేరే చెప్పాలా.

సుగుణ చేతులు రుద్దుకుని వేడి చేసుకుని, ఆమె తల ఎత్తి మాత్ర వేసి నీళ్ళు తాగించింది. మాత్ర పనిచేస్తే గానీ నెల్‌కి నోరు తిరగదు. చెంపలు తుడిచి, పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

ఏడున్నరకి హాల్లో ఫోన్ మోగింది. సుగుణ వెళ్ళి ఎత్తింది.

అవతల సోషల్ వర్కర్. ఫోన్ ఎత్తేవాళ్ళు ఉండరనుకుందేమో. "ఎవరది?" అంది.

"సుగుణ. కేరర్ని."

"నువ్వు... అక్కడ ఉన్నావా? కొండ రోడ్డు మూసేశారని రేడియోలో చెప్పారు. నేను ఆంబులెన్సు పంపించి, హోములో మంచం చూద్దామని..."

"మంచం అక్కర్లేదు. మాత్ర ఇచ్చాను. ఇప్పుడు టీ పెడుతున్నాను."

"ఎలా వచ్చావు?"

"సగం కారులో, సగం నడిచి. విజిట్ తప్పలేదని రాసుకోండి, దయచేసి. ఏడూ పదిహేనుకి వచ్చాను. పదిహేను నిమిషాలు ఆలస్యం, అది కూడా రాసుకోండి."

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి నెల్ పెదవులు కదిలాయి. "పంచదార," అంది మెల్లగా, "రెండు చెంచాలు." సుగుణకి అప్పుడు ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి కెటిల్ పెట్టి, అది మరిగేదాకా ఏడ్చింది.

పనంతా ముగించి కిందికి దిగేసరికి తొమ్మిది దాటింది. దూరంనుంచే కారు కనబడింది, ఆయన ఒక్కడే తోసినట్టున్నాడు, గట్టు వదిలి గేటు ముందు చదునైన జాగాలో ఉంది. చక్రాల కింద రాళ్ళు పెట్టి ఉన్నాయి. దయారత్నం మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ఆఖరి నట్టు బిగిస్తున్నాడు. కోటు విప్పేశాడు, ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి ఉన్నాయి, వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ఒక జాకీ, ఒక స్టెప్నీ సాయంతో ఆ రెండు మంచు టైర్లనీ ముందునుంచి ఊడదీసి వెనక్కి వేసేశాడు. తన డిపోలో ఎవడన్నా ఆ పని చేస్తే ఆ రోజే సెక్షన్లోంచి గెంటేసేవాడు.

ఆమెని చూసి లేచాడు. "ముసలమ్మ?" అన్నాడు.

"టీ తాగింది."

ఆయన పాన గుడ్డతో తుడిచి, తుడిచి, ఇంకా తుడిచాడు. "మా బస్సుని వెనక చక్రాలు తోసేయి. దీన్ని ముందువి లాగుతున్నయ్యి. వెనక పట్టు లేకపోతే తోక తిరిగిపోద్ది. తెలీదు నాకు. తెలీదని చెప్పడానికి నోరు రాలేదు." పాన తుడవడం ఆపి అన్నాడు. "నీకు అనుమానంగా ఉంది గదా ఆ రోజు. ఎందుకు ఒప్పుకున్నావు?"

సుగుణ అబద్ధం చెప్పదలుచుకోలేదు. "మీరు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు" అంది.

ఆయన తల వంచుకున్నాడు.

"ఇంకెప్పుడూ ఒప్పుకోనండీ" అంది ఆమె. "మీరైనా సరే. ఆమె ఇల్లు పోయేది ఇయ్యాళ."

"ఒప్పుకోమాక" అన్నాడు. తర్వాత ఆకాశంకేసి చూశాడు. మళ్ళీ కురిసేట్టుంది. "కిందికి దిగడానికి ఇది చాలు. ఎక్కడానికి చాలదు, ముందు పట్టు పోయింది. శుక్రవారం దాకా ఇంతే. బిల్లీ దగ్గరికి నేనే పోతా, నేనే మాట్లాడతా. నాలుగూ మంచు టైర్లే." పాన డిక్కీలో పడేసి మూత వేశాడు. "మళ్ళీ విజిట్ ఎన్నింటికి?"

"అయిదింటికి."

"మూడున్నరకి బయల్దేరదాం" అన్నాడు. "కారు ఊళ్ళోనే పెట్టి నడుద్దాం. నేను ముందు నడుస్తా, నువ్వు నా అడుగుల్లో అడుగేసి రా."