ఎడమ ఎరుపు, కుడి పచ్చ

మా వ్యానుకు ముందు వైపు ఎడమ చెంపన ఎర్ర దీపం, కుడి చెంపన ఆకుపచ్చ దీపం ఉండేవి. అవి మా ఆయన పెంచల్ పెట్టుకున్నవి. అద్దం చుట్టూ, బంపరు కింద నీలం రంగులో మిణుకుమిణుకుమనే ఎల్‌ఈడీ పట్టీలు ఉండేవి. అవి నావి. కోట ఊరి బజారులో సుబ్బు కొట్లో కొని, దగ్గరుండి వేయించాను. చేపలు మోసే బండికి ఈ సింగారం దేనికని మా పాళెంలో ఆడవాళ్లు మూతులు తిప్పారు. కంపు కొట్టే బండికైనా కాస్త కళ ఉండకూడదా అన్నాను. ఈ మహాలక్ష్మి నోటికి ఎదురు చెప్పేవాళ్లు మా పాళెంలో తక్కువ.

ఆ వ్యానుకు ఎఫ్‌సీ గడువు దగ్గరపడింది. ఎఫ్‌సీ అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని బ్రేకిన్‌స్పెక్టరు చూసి ఇచ్చే కాగితం. అది లేకపోతే బండి ఇంటి ముందు కోళ్ల గూడు కింద లెక్క. బండి ఆగితే పెంచల్ మళ్లీ సముద్రం మీదికి పోతాడు. ముత్యాలయ్య మామ తన బోటు నడిపే సరంగు లేక మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. “మీ బండికి ఎఫ్‌సీ రాకపోతే మీ ఆయన్ని నాకు పంపించు మే” అని నా ముఖానే అడిగేశాడు.

నేను చచ్చినా పంపను. అంతకు ముందు ఏడాది గాలికి బోటు తిరగబడి, పెంచల్ ఒక ఖాళీ డబ్బా పట్టుకుని తెల్లార్లూ నీళ్లలో ఉన్నాడు. ఒడ్డున నేనున్నాను. దూరాన కనిపించిన ప్రతి దీపానికీ లేచి నిలబడ్డాను, ప్రతిసారీ కూలబడ్డాను. అతను బతికొచ్చాక ఈ పాత వ్యాను కొనిపించి, తాళం చేతిలో పెట్టి, ఇక నీళ్ల ముఖం చూస్తే నా ముఖం చూడొద్దన్నాను. నేను కూడా ఆ రోజు నుంచి కాలికి అల తగలనివ్వలేదు. రేవులో చేపలు కొనేటప్పుడు కూడా పొడి ఇసకలోనే నిలబడి అరుస్తాను.

కాబట్టి ఎఫ్‌సీ రావాలి. ఈ దీపాలతో వస్తుందా రాదా అన్నదే నాకు అర్థం కాలేదు. సుబ్బును అడిగితే, “ఏం కాదక్కా, తప్పయితే కొట్లో అమ్మనిస్తారా?” అన్నాడు. నిజమే కదా అనిపించింది. సెల్లులో చూస్తే ఒకాయన ఇలాంటి లైట్లు పెట్టడం నేరమని గంభీరంగా చెప్పాడు. దాని కింద ఇంకో వీడియోలో అవే లైట్లు సులువుగా బిగించుకోవడం ఎలాగో ఆయనే నవ్వుతూ చూపించాడు. మనుబోలు దగ్గర ఒకసారి బండి ఆపిన పోలీసాయన పెంచల్‌తో, నీలం మా రంగు, నువ్వు పెట్టకూడదన్నాడట. మరోసారి అక్కడే ఇంకొకాయన, బాగుందే, యాడ వేయించినావని అడిగాడట. తలా ఒక మాట. నా బుర్ర వల చిక్కుపడ్డట్టు అయిపోయింది.

పెంచల్‌కు మాత్రం ఏ అనుమానమూ లేదు.

“నీ నీలం సంగతి నాకు తెలీదు మే. నావి రూలు ప్రకారమే ఉండాయి” అన్నాడు.

“ఏ రూలయ్యా?”

“ఎడమ ఎరుపు, కుడి పచ్చ. ఆపీసర్లు రేవుకొచ్చి క్లాసు చెప్పినారు గదా. అవి లేకుండా చీకట్లో బోటు తిప్పకూడదంట.”

“అది బోటుకి గదా!”

“నీళ్ల మీదనే అంత రూలుంటే, ఇంత మంది తిరిగే రోడ్డు మీద ఉండదా?”

ఈ మాటా నిజమే అనిపించింది. ఆ రోజుల్లో నాకు ఎవరు ఏం చెప్పినా నిజమే అనిపించేది. అతను రెండు వేళ్లు నిలబెట్టి చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. చీకట్లో ఎర్రది ఒక్కటే కనిపిస్తే ఆ బోటు ఎడమ పక్క మనకు చూపిస్తూ పోతోందని, పచ్చది ఒక్కటే అయితే కుడి పక్క చూపిస్తూ పోతోందని అర్థం. రెండూ కలిసి కనిపిస్తే సూటిగా మన మీదికే వస్తోందని. విని, సరేలే, ముందు బండి కడుగు అన్నాను.

నెల్లూరు దగ్గర తనిఖీ మైదానానికి పొద్దున్నే చేరుకున్నాం. లారీలు, ఆటోలు, స్కూలు బస్సులు పెళ్లి భోజనాలకు వచ్చినట్టు వరస కట్టి ఉన్నాయి. మా వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. బ్రేకిన్‌స్పెక్టరు ఆడమనిషి. బ్రేకు చూసింది, హారను కొట్టించింది, టైర్లు తడిమింది. అన్నీ బాగున్నాయంది. నా మనసు కాస్త కుదుటపడింది. తర్వాత లైట్లు వేయమంది. పెంచల్ ఎంతో మర్యాదగా ఉన్న లైట్లన్నీ వేశాడు.

“ఇదేంటి, తిరునాళ్లా?” అంది మేడం.

వెనక లారీ డ్రైవర్లు పక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

“నీలం పట్టీలు తీసెయ్యాలి. ఆ ఎరుపూ పచ్చా కూడా తీసెయ్యాలి. ముందు వైపు ఎర్ర లైటు అసలు కనిపించకూడదు. ఇలా ఉంటే ఎఫ్‌సీ ఇవ్వను.”

“కొట్లో అందరి ముందే అమ్ముతా ఉండారు గదా మేడం!” అన్నాను.

“అమ్మడం వేరు, బండికి పెట్టడం వేరమ్మా. అది సరే, పక్కలకు మెరిసే స్టిక్కర్లు ఏవీ? అవి తప్పనిసరి.”

“మెరిసే లైట్లు తియ్యమంటారు, మెరిసే స్టిక్కర్లు వెయ్యమంటారు. ఇంతకీ బండి మెరవాల్నా, మెరవకూడదా?”

ఈసారి మేడం కూడా నవ్వింది. “వేరే బండి వెలుగు పడితే మెరవాలి. దానంతట అది మెరవకూడదు” అంది. సగం అర్థమైంది. మిగతా సగం అడిగేలోపు పెంచల్ ముందుకు వచ్చాడు.

“మేడం, ఆమెవి అందానికి. నావి అందానికి కాదు, రూలు.”

“ఎవరు చెప్పారు?”

“ఆపీసర్లే చెప్పినారు. బోటు ఆపీసర్లు.”

అతను మొత్తం చెప్పాడు, వేళ్లు నిలబెట్టి మరీ. ఆమె విసుక్కోకుండా చివరిదాకా విన్నది. “చూడు బాబూ, అది సముద్రం, ఇది రోడ్డు. ఇక్కడ ముందు తెలుపు, వెనక ఎరుపు. అంతే” అంది.

“మరి నా పక్క యాడుండాదో ఎదురొచ్చేవోడికి ఎట్ట తెలస్తాది మేడం?”

“హెడ్‌లైట్లు రెండు ఉంటాయి కదా.”

“ఒకటి మాడిపోయుంటే?”

“మాడిపోయినవి తిరగకుండానే మేం చూస్తున్నది. సాయంత్రం లోపు ఇవి తీసేసి, స్టిక్కర్లు వేసుకుని రండి.”

మైదానం పక్కన తుమ్మచెట్టు నీడన బండి పెట్టాం. నా నీలం పట్టీలు నేనే పీకేశాను. వాటితోపాటు రంగు కూడా ఊడొచ్చింది. పెంచల్ ఒక్కొక్క మరా తిప్పి, చేత్తో తుడిచి, జేబులో వేసుకుంటూ కూర్చున్నాడు. ఎర్రది ఊడదీయడానికే యుగం పట్టింది. పొద్దు వాలిపోతోంది, ఆఫీసు మూసేస్తారు, గుడ్డు మీద కోడిపెట్టలా ఏమిటా కూర్చోవడం అని తిట్టాను. రెండు దీపాలనూ తువ్వాలులో చుట్టి సీటు కింద పెట్టాడు.

ఆ మధ్యలో ముత్యాలయ్య మామ ఫోను. “ఏమైందే, పోయిందా?” అన్నాడు ఆశగా.

“పోయేదానికి నీ మాదిరి ముసలి బండి కాదు మాది. సాయంత్రానికి వస్తాది. నువ్వు ఇంకో సరంగును చూసుకో!” అని పెట్టేశాను.

అన్నంత పనీ అయింది. స్టిక్కర్లు కూడా వేయించి చూపించాక ఎఫ్‌సీ వచ్చింది. ఆ కాగితం కొంగులో చుట్టుకుని, సముద్రం మీద కేసు గెలిచినంత సంబరంగా బండెక్కాను.

గూడూరు దాటి కోట రోడ్డు ఎక్కేసరికి మసకబడింది. పెంచల్ రోజూ తెల్లారకముందే చేపలు వేసుకుని ఈ దారినే పోతాడు. నేను మాత్రం చీకటి వేళ అతని పక్కన కూర్చోవడం అదే మొదలు. బండి నత్తలా పోతోంది. అతను స్టీరింగు మీదికి వంగి, కళ్లు చికిలించి చూస్తున్నాడు. మెడ మీద చెమట కారుతోంది. ఎద్దుల బండి కూడా మనల్ని దాటిపోతుందయ్యా అని ఎగతాళి చేశాను.

ఎదురుగా దూరాన ఒక లైటు కనిపించింది.

“మే, అది బైకా, ఒంటికన్ను లారీనా?” అన్నాడు.

నేను చూశాను. తెలియలేదు. అది దగ్గరికి వస్తోంది. బైకే అన్నాను, కాదేమో అన్నాను. అతను బండిని రోడ్డు దింపి, పొలం గట్టు దాకా పోనిచ్చి ఆపేశాడు. రివ్వుమని లారీ పోయింది. మా వైపు లైటు మాడిపోయి ఉంది. ఆ గాలికి వ్యాను ఊగింది. లారీ పోయాక కూడా అతను స్టీరింగు వదల్లేదు.

“రోజూ ఇట్టానే ఉండాది” అన్నాడు. “బోటు మీదయితే ఎర్రది చూస్తే తెలుసు, పచ్చది చూస్తే తెలుసు. ఈడ అన్నీ తెల్లగానే వస్తాయి. యాది పక్కన పోతాదో, యాది నా మీదికి వస్తాదో తెలీదు. నా దీపాలు చూసి ఎవుడో ఒకడికి అర్థమయి తప్పుకుంటాడనుకున్నా. నీళ్లల్లో పడినప్పుడు గూడా ఇంత బయపడలే మే.”

“నాకెందుకు చెప్పలా?”

“నీ బయానికి గదా నేను గట్టుకొచ్చింది. నా బయం గూడా నీకే చెప్తే, నువ్వు యాడికి పోతావు?”

కోపం తెచ్చుకుందామని చూశాను. నాకు తేలిగ్గా వచ్చేది అదొక్కటే. అదీ రాలేదు, ఏడుపు వచ్చింది. అతన్ని కాపాడుకున్నానని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకుని తిరిగాను. దేని నుంచి లాగి దేంట్లో పడేశానో ఆ గట్టు మీద నాకు అర్థం కాలేదు. రోడ్డు తప్పా, సముద్రం తప్పా, నేనా? అడగడానికి అక్కడ ఏ మేడమూ లేదు.

మళ్లీ ఫోను మోగింది. ముత్యాలయ్య మామే. పెంచల్ అటు చూడను కూడా చూడలేదు. నేనే ఎత్తాను.

“వచ్చిందంటనే ఎఫ్‌సీ? సరేలే, ఇంకోడ్ని చూసుకుంటా.”

“చూసుకోబాక మామా” అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం. “నీ బోటుకి దీపాలుండాయా?”

“యాడివే? పెట్టమని ఆపీసర్లు చెప్పిపోయినారు, నేను పెట్టలా.”

“మా కాడ ఉండాయి. ఎడమ ఎరుపు, కుడి పచ్చ. అవి కట్టినాకనే ఆయన ఎక్కుతాడు. గాలి లేచిన రోజు రాడు. ఒప్పుకుంటేనే పంపిస్తా.”

ఫోను పెట్టేసరికి పెంచల్ నన్నే చూస్తున్నాడు. “బండి?” అన్నాడు.

“అందాకా మా అన్న తోలతాడు. ఈలోపల నేను నేర్చుకుంటా. నాకు బయం నీళ్లంటేనే, లారీలంటే కాదు. లారీలే నన్ను చూసి తప్పుకోవాల.”

అతను నవ్వాడు. ఆ నవ్వు విని ఎంత కాలమైందో, దాన్ని పోగొట్టుకున్న సంగతి కూడా అంతదాకా నాకు తెలియలేదు.

అతను బోటెక్కిన మొదటి రోజు తెల్లారకముందే రేవుకు పోయి పొడి ఇసకలో కూర్చున్నాను. ఎఫ్‌సీ ఉన్న బండి రోడ్డు మీద నిలబడి ఉంది, అన్న లోపల గుర్రు పెడుతున్నాడు. సముద్రం మీద ఏవేవో వెలుగులు. ఏది చుక్కో, ఏది బోటో తెలియదు. ఎందుకు పంపానురా దేవుడా అని నన్ను నేనే తిట్టుకున్నాను. చాలాసేపటికి ఒక పచ్చ దీపం కనిపించింది. ఒక్కటే. పచ్చ ఒక్కటే అయితే కుడి పక్క చూపిస్తూ పోతోందని కదా చెప్పాడు. ఎక్కడికి పోతున్నాడు? ఇల్లు ఇటు కదా ఉంది? లేచి నిలబడ్డాను, ఈసారి కూలబడలేదు. చూస్తుండగానే పచ్చ దీపం కొంచెం వంగింది, మెల్లగా దాని పక్కన ఎర్రది పుట్టింది.

రెండూ కనిపిస్తున్నాయి. కుచ్చెళ్లు ఎగదోపుకుని, అల కాళ్లకు తగిలేదాకా నడిచాను.