రెండో ట్రాకు

నేను ఒక నాలుగు ట్రాకుల టేపు రికార్డర్‌ని. కుదురులేని పుట్టుక నాది. చక్రాలు తిరుగుతుంటేనే ప్రాణం, ఆగితే పిచ్చెక్కుతుంది. జపాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పుట్టి, ఓడ కళాసీ పెట్టెలో కాకినాడ రేవు చేరి, జగన్నాథపురంలో ఇద్దరు అన్నదమ్ముల చేతిలో పడ్డాను.

అన్న ఆశీర్వాదం, తమ్ముడు సాల్మన్. ఇద్దరూ చర్చిలో గిటారు వాయిస్తారు. క్రిస్మస్‌కి సొంత పాటల క్యాసెట్ తేవాలని వాళ్ళ పంతం. ఉన్నది ఇద్దరే, వినేవాళ్ళకు మాత్రం హాలు నిండా గిటార్లు వినపడాలి. అందుకే నేను. ఒక ట్రాకులో వాయించినదాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ పక్క ట్రాకులో మళ్ళీ వాయిస్తారు. దాని మీద మూడోది. మొదట్లో సాల్మన్ తెలివి చూపించి, ఒకసారి వాయించినదాన్నే రెండో ట్రాకులోకి కాపీ కొట్టాడు. మోత పెరిగింది కానీ గిటారు ఒక్కటే. ఒక్కడే నాలుగుసార్లు అరిస్తే నలుగురవుతారా? మనిషి మళ్ళీ వాయించాలి, వెంట్రుకవాసి తేడా రావాలి, అప్పుడే నిండుతనం. ఇంత తెలుసుకునీ, రెండోవాడు చూడనప్పుడు ఎవరి ట్రాకు మోత పెంచే మీటని వాళ్ళు కాస్త పైకి తోసుకునేవారు!

ఆ ఏడాదే ఆశీర్వాదానికి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ ఎడంచేతి వేళ్ళు మొరాయించాయి. అయినా రెండో ట్రాకు తనే వాయిస్తానని పట్టుబట్టాడు. చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపేసి, చెమటలు కారుతుండగా పదకొండుసార్లు వాయించాడు. పదకొండుసార్లూ తీగలు సగం పలికి సగం మింగేశాయి. "ఈసారి పడిందంటావేంట్రా?" అని అడిగి, జవాబు వినకుండానే టీకి వెళ్ళిపోయాడు.

సాల్మన్ గది గడియ పెట్టాడు. నా ఎర్ర రికార్డు బొత్తాం మీద వేలు పెట్టాడు. అది నొక్కితే పాతది చెరిగిపోతుంది, మళ్ళీ రాదు. వద్దని చెప్పడానికి నాకు సొంత గొంతు ఏదీ? అన్న మీటే తీరులోనే, అన్న అంత బరువుగానే, సాల్మన్ ఆ ట్రాకంతా వాయించేశాడు.

ఆశీర్వాదం వచ్చి విన్నాడు. "ఒరే, బానే వాయించేన్రా! నా చెయ్యి నాకొచ్చేసింది!"

"ఊరికే బెంగెట్టుకున్నావన్నయ్యా," అన్నాడు సాల్మన్, ముఖం నా వైపు తిప్పుకుని.

ఆ క్షణం నుంచి నాకు స్థిమితం లేదు. అబద్ధం దాగింది నా కడుపులో కదా.

మర్నాడు పొద్దున్నే ఆశీర్వాదం ఒక్కడే వచ్చాడు. మిగతా మీటలన్నీ దించేసి, రెండో ట్రాకు ఒక్కటే విన్నాడు. రెండో చరణంలో ఒకచోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాడు. చర్చిలో ఈ పాట వాయించేటప్పుడు అక్కడ ఆయన ముప్పై ఏళ్ళుగా అరక్షణం వెనకబడతాడు. చర్చి మొత్తానికి తెలుసు, ఆ అరక్షణం ఆగి పాడటం అందరికీ అలవాటైపోయింది. టేపులో ఆ ఆలస్యం లేదు. తమ్ముడు అన్ని పోలికలూ పట్టుకుని, తప్పు ఒక్కటే మరిచిపోయాడు.

"నేను కాదు. ఆడే వాయించేడు," అన్నాడు గోడతో.

ఆయన వేలు ఎర్ర బొత్తాం మీదకు వచ్చింది. తమ్ముడిది చెరిపేసి పన్నెండోసారి తనే వాయించుకుంటాడనుకున్నాను. చాలాసేపు అలాగే ఉంచి, తీసేశాడు.

పాట ఎక్కిన క్యాసెట్‌ని నాలోంచి బయటికి తీశాడు. దాని వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, మీరూ చూసే ఉంటారు. అవి విరిచేస్తే ఇక దాని మీద ఎవరూ ఏమీ రికార్డు చెయ్యలేరు. ఆ పనికి ఆయన కుడిచెయ్యి వాడలేదు. మొరాయించిన ఎడంచేత్తోనే, పళ్ళు బిగబట్టి, ఒకటి తర్వాత ఒకటి రెండూ విరిచాడు. క్యాసెట్ మళ్ళీ నాలో పెట్టాడు.

తమ్ముడు రాగానే, "పాట బాగొచ్చిందిరా. ఇంక దాన్ని ముట్టుకోకు," అన్నాడు.

క్రిస్మస్‌కి దాని కాపీలు క్యాసెట్లుగా వచ్చాయి, అట్ట మీద ఇద్దరి పేర్లూ పడ్డాయి. తర్వాత కంప్యూటర్లొచ్చి వందేసి ట్రాకులు ఇస్తుంటే నా నాలుగూ ఎవరికి కావాలి? ఇప్పుడు పాత సామాన్ల కొట్టులో, ఒక మిక్సీకీ ఇస్త్రీపెట్టెకీ మధ్య కూర్చోలేక కూర్చున్నాను. ఆ క్యాసెట్ ఇంకా నాలోనే ఉంది. వచ్చినవాళ్ళు ఎర్ర బొత్తాం నొక్కి చూస్తారు. అది దిగదు. పాడైపోయిందని పెదవి విరిచి వెళ్ళిపోతారు.

పాడవలేదు నాయనా. ముట్టుకోవద్దన్నాడాయన. నేను ముట్టుకోనివ్వడం లేదు.