పేజీ నంబర్లు లేని విశ్వం

"విశ్వం గురించి తెలుసుకోవాలంటే ఏ పుస్తకంతో మొదలెట్టాలి మేడమ్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఫిజిక్స్ మేడమ్ ఏటా ఒకటే చెబుతుంది: ముందు ఆకాశం బొమ్మలున్న సన్న పుస్తకం, తర్వాత వెలుగు గురించి, ఆ తర్వాత గురుత్వాకర్షణ, లావు పుస్తకాల జోలికి అప్పుడే పోవద్దు. చెప్పేది శ్రీరంగనీతులే. తను మొదలెట్టిందే లావు పుస్తకంతో, అదీ ముక్కలు ముక్కలుగా.

అప్పుడామె బడిపిల్ల, ఇంట్లో బుజ్జమ్మ. నాన్నది పుస్తకాల బైండింగ్ షాపు. ఎక్కడైనా జిగురు వాసన తగిలితే ఇప్పటికీ ఆవిడ అడుగు ఆగిపోతుంది, ఏం చేస్తాం! లైబ్రరీ పనే ఆ ఇంటికి కూడూ గుడ్డా. లైబ్రేరియనమ్మ అంటే నాన్నకి హడల్. ఓసారి నిఘంటువుకి అట్ట తలకిందులుగా వేసి చీవాట్లు తిన్నాడు మరి. "ఇంకొక్క తప్పు జరిగిందా, పని వేరేవాళ్ళకిచ్చేస్తా" అని ఆవిడ తెగేసి చెప్పింది.

తప్పు చెప్పి వస్తుందా? విశ్వం మీద లావు పుస్తకమొకటి కుట్టు ఊడి వచ్చింది. నాన్న దాన్ని విప్పి, చివికిన అంచులు మిషన్ మీద కోశాడు. కాస్త ఎక్కువే కోశాడు. పేజీ నంబర్లన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. ఆ కంగారులో చెయ్యి తగిలి కాగితాల కట్టలన్నీ నేలమీద చెల్లాచెదురు! విషయసూచిక చూద్దామంటే, దాన్ని ఎవడో మహానుభావుడు ఎప్పుడో చింపుకుపోయాడు.

"కొంప మునిగిందే బుజ్జమ్మా" అని నాన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఇది ఒక్క ముక్క నా బుర్రకెక్కదు. నువ్వు చదివి వరస చెప్పవే తల్లీ."

ఈ కట్టలో తెగిన వాక్యం ఏ కట్టలో అతుకుతుందో వెతుక్కుంటూ బుజ్జమ్మ చదివింది. వెలుగుకీ వేగముందని, నక్షత్రాలకీ చావుందని ఆ గచ్చు మీద బోర్లా పడుకునే తెలుసుకుంది. అంత సంతోషం మళ్ళీ ఏ పుస్తకంతోనూ రాలేదు. రెండు అధ్యాయాల దగ్గర మాత్రం తెగిన వాక్యమూ లేదు, అధ్యాయం నంబరూ లేదు. ఒకటి సూర్యుడి పుట్టుక, ఒకటి నక్షత్రాల చావు. ఆలోచించి ఆలోచించి చావునే ముందు పెట్టింది. నాన్న కుట్టేశాడు.

లైబ్రేరియనమ్మ వచ్చి పేజీలు తిప్పింది. "ఇదేం చోద్యం? పుట్టకముందే చావా?"

"నాదే తప్పు అమ్మగారూ" అన్నాడు నాన్న.

"నాన్నది కాదండీ, నేనే పెట్టా" అని బుజ్జమ్మ అడ్డొచ్చింది. "పాత నక్షత్రాలు పేలి చల్లిన ధూళి కూడా కలిస్తేనే కదండీ సూర్యుడు పుట్టింది? అవి చావకపోతే ఆ ధూళి ఎక్కణ్ణించొస్తుంది?"

ఆవిడ కళ్ళజోడు తీసి పిల్లని ఎగాదిగా చూసింది. "నువ్వన్నదీ నిజమేనే. కానీ రాసినాయన వరస వేరు." పుస్తకం నాన్న చేతిలో పెట్టింది. "విప్పి మళ్ళీ కుట్టండి."

పని ఉంచుతారా అని నాన్న అడుగుతాడనుకుంది బుజ్జమ్మ.

"పని ఇస్తారో మానేస్తారో మీ దయ అమ్మగారూ" అన్నాడు నాన్న. "ఇలాంటి పుస్తకం ఇంకోటుంటే మాత్రం పంపండి. ఇది మా పిల్ల చదివేసింది."

మరుసటి వారం లైబ్రరీ నుంచి ఎప్పట్లాగే మూట వచ్చింది. పుస్తకాలన్నిటికీ కుట్లు ఊడి ఉన్నాయి, ఒక్కదానికి తప్ప.